గరికలమిట్టలో గురుత్వము రద్దయిన విధము

భూమికి ఆకర్షణశక్తి ఉన్నదని ప్రభుత్వ కార్యాలయాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకసారి బల్లమీద పడిన కాగితం మళ్ళీ లేవకపోవడం అవి తరతరాలుగా గమనిస్తున్నవే. అయితే ఆ శక్తిని ఒక్క ఉత్తర్వుతో తొలగించవచ్చునని మొట్టమొదట నిరూపించబూనిన ఖ్యాతి బాల విజ్ఞానోత్సాహ సంచాలకత్వానిది. అందులోనూ దాని జిల్లా కార్యాలయపు సూపరింటెండెంటు శ్రీ భుజంగరావుగారిది. ఆ ఖ్యాతికి వేదిక అయ్యే భాగ్యం గరికలమిట్ట ప్రాథమిక పాఠశాలకు దక్కింది.

ఆ ఏడాది ఎవరిని కదిలించినా అంతరిక్షమే. బట్టల దుకాణాల్లో రాకెట్ బొమ్మల చీరలు వచ్చాయి. క్షౌరశాలల్లో వ్యోమగామి కటింగ్ అని ఒకటి వెలసింది. అందులో తల మొత్తం గొరిగేవారు. జిల్లా కేంద్రంలో ఒక హోటలు యజమాని ఉపగ్రహ దోసె అని బోర్డు పెట్టాడు. అది మామూలు దోసే, కాకపోతే వడ్డించేవాడు కొంచెం దూరం నుంచి విసిరేవాడు. లోకమంతా ఇలా పైకి చూస్తూ ఉండగా సంచాలకత్వం ఒక్కటే కిందికి చూస్తూ కూర్చుంటే బాగుండదు గనుక, అక్కడ ఒక పథకం పుట్టింది. బరువు తెలియని చోట నీళ్ళు ఎలా ఉంటాయి, దీపం ఎలా వెలుగుతుంది, అన్నం ఎలా తింటారు అన్నవి పిల్లలకు బొమ్మలతో, చిన్న చిన్న ప్రయోగాలతో చూపించడానికి జిల్లాకొక బడిని ఎంచుకోవాలి. ఇంతే పథకం. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు. ఆ సంగతి గుర్తించి కాబోలు, దానిని ఇంగ్లీషులో రాశారు.

కాని పరిపాలన తెలుగులో సాగాలన్నది నియమం. అనువాద విభాగంవారు ఆ పథకాన్ని ఇలా తెనిగించారు: “ప్రతి జిల్లాయందును ఒక పాఠశాలను ఎంపిక చేసి, దానిని గురుత్వరహిత పాఠశాలగా తీర్చిదిద్దవలెను.” ఈ వాక్యంలో తప్పు పట్టడానికి లేదు. తప్పు ఎవరిదైనా ఉంటే, బరువైనదానికీ బడిలో చెప్పేవాడికీ ఒకే మాట పెట్టిన పూర్వులది.

భుజంగరావుగారు ఉద్యోగంలో చేరకముందు భాషాప్రవీణులు. ఛందస్సులో పతకం పొందినవారు. ఆయన బల్లమీద నిఘంటువు ఉండేది కాదు. నిఘంటువుకు బదులు ఆయనే ఉండేవారు. ఉత్తర్వు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, టైపిస్టును పిలిచి నోటు చెప్పారు: “గురువు యొక్క భావము గురుత్వము. రహితము అనగా లేనిది. కావున గురుత్వరహిత పాఠశాల అనగా గురువు లేని పాఠశాల అని విగ్రహవాక్యము.”

టైపిస్టు వేళ్ళు ఆగాయి. “సార్, ఇది సైన్సు గురుత్వమేమో సార్. యాపిల్ పండు పడేది.”

“సైన్సుకు వేరే వ్యాకరణం ఉందా అమ్మా?”

ఆమె టైపు పూర్తి చేసింది.

తరువాత ఏ బడి అన్న ప్రశ్న వచ్చింది. జిల్లాలో నాలుగువందల పన్నెండు బడులున్నాయి. చాలావాటిలో నలుగురు, అయిదుగురు ఉపాధ్యాయులు. అంతమందిని తొలగించడం శ్రమ. సముద్రపు నీరు లోపలికి పారే కయ్యల పక్కన, ముప్ఫయి ఒక్కమంది పిల్లలతో ఉన్న గరికలమిట్ట బడిలో మాత్రం ఒకే ఒక్క టీచర్. అంటే అది ఇప్పటికే అల్పగురుత్వ దశలో ఉన్నది. ఒక్క అడుగు వేస్తే శూన్యం. పైగా భుజంగరావుగారు ఆ ఊరి పేరును గణవిభజన చేసి చూసుకున్నారు. గ, రి, క, ల అన్నీ లఘువులు. ద్విత్వానికి ముందున్న మి ఒక్కటే గురువు. ఊరి పేరులో ఒక్క గురువే ఉండగా బడిలో ఒక్కరే ఉండటం దైవసంకల్పంగా ఆయనకు తోచింది.

ఆ ఒక్క గురువు పేరు మంజువాణి. జీపు గరికలమిట్ట చేరిన ఉదయం ఆమె పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టుకుని, విచిత్రమేమంటే, అదే పాఠం చెబుతూ ఉంది.

“ఇప్పుడు మనమంతా అంతరిక్ష కేంద్రంలో ఉన్నాం. గ్లాసులోకి నీళ్ళు వంచితే ఏమవుతుంది?”

“గ్లాసు నిండుతుంది టీచర్” అన్నాడు తిరుపతి. నాలుగో తరగతివాడు, బడి మొత్తానికి బరువైనవాడు.

“నిండదు. అసలు నీళ్ళు కిందికి రావు. బంతిలా గుండ్రంగా గాల్లో నిలబడతాయి.”

“మరి తాగేదెట్టా?”

“సంచిలో పోసుకుని స్ట్రాతో పీల్చుకోవాలి.”

“సాంబారో?”

“సాంబారు కూడా అంతే. మూత తీశావంటే ఉండలు ఉండలుగా బయల్దేరి పోయి పెంచలయ్య ముక్కుమీద వాలుతుంది.”

“నా సాంబారు వాడి ముక్కుకెందుకు పోవాల!” అని తిరుపతి పెంచలయ్యను గిల్లాడు. పెంచలయ్య తన ముక్కును చేత్తో మూసుకున్నాడు.

ఉప్పు చల్లితే కూరమీద పడదనీ, పలుకులు గాల్లో తిరిగి కళ్ళలో పడతాయనీ, అందుకని అక్కడ ఉప్పును నీళ్ళలో కలిపి చుక్కలుగా వేసుకుంటారనీ ఆమె చెప్పింది. వేడిగాలి పైకి లేవదు గనుక కొవ్వొత్తి మంట మొనదేలి నిలబడదు, నీలం గోళీలా గుండ్రంగా ఉంటుంది. పైనా కిందా అని ఉండవు. పడుకునే సంచిని గోడకు కట్టుకుని నిలువునా నిద్రపోవచ్చు.

“అక్కడ ఏడిస్తే టీచర్?” అని అడిగింది మస్తానమ్మ. అయిదో తరగతి, క్లాసు లీడరు. రొయ్యల గుంటల దగ్గర మేత చల్లే పనికి పోతున్న పిల్లను మంజువాణి కిందటేడు మూడుసార్లు ఇంటికి వెళ్ళి బడికి తెచ్చుకుంది. ఇప్పుడు ప్రశ్న లేకుండా ఆ పిల్లకు పూట గడవదు.

“ఏడిస్తే కన్నీళ్ళు జారవు. బుడగలా కంటికే అతుక్కుని కూర్చుంటాయి. ఎవరో ఒకరు తుడవాల్సిందే.”

“అంటే అక్కడ గురుత్వం లేదా?”

“అందరూ అట్లాగే అనుకుంటారు. ఇది చూడు.” మంజువాణి ఒక ప్లాస్టిక్ సీసా తీసింది. అడుగు దగ్గర మేకుతో పొడిచిన చిల్లు ఉంది. నీళ్ళు నింపి పట్టుకుంటే చిల్లులోంచి సన్నని ధార కొట్టింది. ఆమె కుర్చీ ఎక్కి సీసాను పైకెత్తి వదిలింది. పడుతున్నంతసేపూ ధార ఆగిపోయింది. సీసా నేలను తాకాకే మళ్ళీ చిమ్మింది.

“ఏమైంది? సీసా పడుతుంది, నీళ్ళూ పడుతున్నాయి. ఇద్దరూ కలిసి పడేటప్పుడు ఎవరు ఎవరిమీద బరువేస్తారు? అంతరిక్ష కేంద్రం కూడా ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. కాకపోతే పక్కకు మహావేగంగా పోతూ పడుతుంది గనక నేలను తాకదు, భూమి చుట్టూ తిరుగుతుంది. లోపలి మనుషులూ దాంతోపాటే పడుతుంటారు. అందుకే బరువు తెలియదు. గురుత్వం ఉంది మస్తానమ్మా, బాగా ఉంది. అది లాగకపోతే కేంద్రం తిన్నగా ఎటో పోయేది.”

సరిగ్గా అప్పుడు భుజంగరావుగారు జీపు దిగారు. ఉత్తర్వు ఆమె చేతికిచ్చి, గొంతు సవరించుకున్నారు.

“అమ్మా, ఈ క్షణం నుంచి ఈ పాఠశాల గురుత్వరహితం.”

“అంటే సార్?”

“అంటే తమరు లేరు.”

మంజువాణి ఉత్తర్వును రెండుసార్లు చదివింది. “సార్, ఇది బరువు గురించి. భూమి లాగే శక్తి గురించి.”

“తమరు పదార్థం చదువుకున్నారు. నేను శబ్దం చదువుకున్నాను. ఉత్తర్వులు శబ్దంతో రాస్తారమ్మా. తమరు జిల్లా కార్యాలయానికి రావలసింది. ఇరవై ఒక్క రోజుల తరువాత జాయింటు సంచాలకులు త్రివిక్రమరావుగారు స్వయంగా వచ్చి పరిశీలిస్తారు. ఫలితం తృప్తికరమైతే ఇదే శాశ్వతం. మిగిలిన నాలుగువందల పదకొండు బడులకూ విస్తరిస్తాం.”

“టీచర్ పోతే మేం తేలతామా సార్?” అన్నాడు తిరుపతి.

“నిస్సందేహంగా.”

తిరుపతి ముందుజాగ్రత్తగా వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు.

మంజువాణి సీసాను మస్తానమ్మ చేతిలో పెట్టింది. “నీ దగ్గర ఉంచుకో. చిన్నవాళ్ళకు తెలిసింది చెప్తా ఉండు. నేను వచ్చేస్తా” అని జీపెక్కింది. మస్తానమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి అతుక్కుని కూర్చోలేదు, బుగ్గలమీదుగా కిందికి జారాయి. గరికలమిట్టలో గురుత్వం ఇంకా ఉన్నదని దీనివల్ల ఆ పిల్లకు స్పష్టమైంది. కాని దానిని నమోదు చేయడానికి అప్పటికి ఏ ఫారమూ రాలేదు.

ఫారం మరుసటి వారం వచ్చింది. బడిలో పెద్దదిక్కు ఎవరూ లేరు. మధ్యాహ్నం వంట చేసే సుబ్బరత్నమ్మకు సంతకం తప్ప రాదు. కనుక క్లాసు లీడరే నింపింది.

“పాఠశాలయందలి వస్తువులు తేలుచున్నవా?” “సాంబారులో కరివేపాకు తేలుతుంది. ముక్కలు తేలడం లేదు.”

“విద్యార్థులు నేలను విడిచి ఉండుచున్నారా?” “నలుగురు చింతచెట్టు మీద ఉంటున్నారు.”

“విద్యార్థుల బరువు తగ్గినదా?” “పెంచలయ్యకు జ్వరమొచ్చి తగ్గింది. తిరుపతికి తగ్గలేదు.”

“హాజరు?” “ఇరవైనాలుగు. మిగతావాళ్ళు గుంటలకాడికి పోయారు. మా టీచర్ ఎప్పుడొస్తుంది?”

చివరి వాక్యం ఫారంలో అడగనిది గనుక దానికి జవాబు లేదు. మిగిలినవాటిపై భుజంగరావుగారు ఇలా రాశారు: “కరివేపాకు విషయమున పురోగతి కానవచ్చుచున్నది. విద్యార్థులు పాఠశాల నుండి తమంతట తాము దూరముగా పోవుచుండుట తేలుటకు తొలి లక్షణము. ముక్కలు తేలకుండుటను బట్టి, పాఠశాలలో గురుత్వము అవశేషముగా నున్నదని భావింపవలెను.”

ఇంతలో జిల్లా కార్యాలయంలో మంజువాణికి ఒక కుర్చీ ఇచ్చారు, పని ఇవ్వలేదు. ఆమె మూల ఇంగ్లీషు ప్రతిని వెదికి పట్టుకుని, గురుత్వమనగా ఆకర్షణశక్తి అని వినయంగా ఒక అర్జీ పెట్టుకుంది. దానిమీద సూపరింటెండెంటుగారి అభిప్రాయం నాలుగే పంక్తులు: “అర్జీదారు స్వయముగా గురువు. కావున గురుత్వమును గూర్చి ఆమె చెప్పునది నిష్పాక్షికము కాజాలదు. మూలప్రతిని చదువుట తెలుగు అమలు స్ఫూర్తికి విరుద్ధము. అర్జీ దాఖలు చేయడమైనది.” ఆమె వచ్చిన నాటినుంచి ఆ గదిలో ఫైళ్ళు బొత్తిగా కదలడం లేదనీ, గురుత్వం ఒకచోట చేరితే వస్తువులు బరువెక్కుతాయనడానికి ఇదే తార్కాణమనీ కూడా ఆయన గుర్తించారు. ఆమె రాకముందు కూడా ఫైళ్ళు కదిలేవి కావు. కాని అప్పుడు కారణం తెలియదు.

రెండోవారం భుజంగరావుగారు అవశేషాల నిర్మూలనకు బయలుదేరి వచ్చారు. గోడమీది “గురువులను గౌరవించుము” అన్న వాక్యానికి సున్నం పూయించారు. పిల్లలతో టీచర్ దిగిన ఫొటోలో టీచర్ ఉన్నచోట కాగితం అంటించారు. ఒకటో తరగతి పిల్ల దగ్గర దొరికిన గురివింద గింజలను చాలాసేపు పరిశీలించి, అందులో ఉన్నది రుకారం కాదు, రికారం గనుక మినహాయించారు. ఆపైన సుబ్బరత్నమ్మను పిలిచారు.

“ఇకనుంచి ఈ ఆవరణలో గురువారం అనే మాట వినపడకూడదు.”

“మేమెప్పుడన్నాం అయ్యా? బేస్తారం అంటాం మేము.”

ప్రజలు ఉత్తర్వుకంటె ముందే సహకరిస్తూ ఉండటం ఆయన హృదయాన్ని తాకింది.

అయినా ఆ మధ్యాహ్నం సాంబారులో ముక్కలు తేలలేదు. గిన్నె దగ్గర నిలబడి భుజంగరావుగారు గరిటెతో ఒక ములక్కాడ ముక్కను పైకి లేపి చూశారు. అది మళ్ళీ మునిగింది. సరిగ్గా ఆ ముక్క మునుగుతున్నప్పుడే ఆయనలోని ఛందఃపండితుడు మేలుకొన్నాడు. సాంబారు! సాం గురువు, బా గురువు. ఒక్క మాటలో ఇద్దరు గురువులు దాగి ఉండగా అది ఎలా తేలుతుంది?

ఆ వారపు ఉత్తర్వు జిల్లా చరిత్రలో సాటిలేనిది. “పాఠశాలయందు లఘ్వక్షరములు గల పదములను మాత్రమే వాడవలెను. దీర్ఘములు, సున్నలు, ద్విత్వ సంయుక్తాక్షరములకు ముందుండు అక్షరములు గురువులగుటచే నిషిద్ధములు.” దీని ప్రకారం వంటశాలలో పులుసు ఉండవచ్చు, పెరుగు ఉండవచ్చు, వడ కూడా ఉండవచ్చు. పప్పు, చారు, సాంబారు పోయాయి. అన్నంలో ఇద్దరు గురువులు దొరికారు గనుక ఇకపై దానిని మెతుకులనాలి. గుడ్డు దగ్గర గొడవ వచ్చింది.

“వారానికి అయిదు గుడ్లు, అయ్యా! పిల్లకాయల నోటికాడ కోడిగుడ్డు లాగేస్తారా?”

“గుడ్డులో గు గురువమ్మా. డ్డు ద్విత్వం.”

“అది డ్డు కాకపోతే ఏందయ్యా? కోడి పెట్టేది అదే.”

భుజంగరావుగారు నిర్దయులు కారు. కాసేపు ఆలోచించి, ఒక డకారం తగ్గించి “గుడు” అని వ్యవహరించే పక్షంలో యథాప్రకారం పెట్టవచ్చునని అనుమతించారు.

హాజరు పిలవడంలో పేర్లకూ ఇదే నియమం. మస్తానమ్మలో మూడు గురువులు, ఒక్క లఘువు. ఆ పిల్ల మసతనమ అయింది. పెంచలయ్య పెచలయ అయ్యాడు. తి, రు, ప, తి, నాలుగూ లఘువులే గనుక మార్పు అక్కరలేనివాడు తిరుపతి ఒక్కడే తేలాడు. బడిలో అందరికన్నా తేలికైనవాడుగా వాడికి ధ్రువపత్రం ఇచ్చారు. అది పట్టుకుని వాడు వరండా బల్లమీద కూర్చున్నాడు, బల్ల విరిగింది. ఆ ధ్రువపత్రంమీద సూపరింటెండెంటుగారు, తనలోనూ ఇద్దరు గురువులున్నందుకు నొచ్చుకుని, “భుజగరవు” అని సంతకం చేశారు.

హాజరు పదిహేనుకు, తరువాత తొమ్మిదికి దిగింది. అసలు పేరుతో పిలవని చోటికి పిల్లలు రావడం మానుకున్నారు. ఆ తొమ్మిదిమందీ మాత్రం రోజూ వరండాలో గుండ్రంగా కూర్చునేవారు. మధ్యలో మస్తానమ్మ, చేతిలో చిల్లుసీసా. చిన్నవాళ్ళు అడిగేవారు, ఆ పిల్ల చెప్పేది. మూడోవారం భుజంగరావుగారు గోడచాటునుంచి ఈ దృశ్యం చూసి నిశ్చేష్టులయ్యారు. ఇన్నాళ్ళూ దొరకని అవశేషం ఇక్కడున్నది!

“ఏం చేస్తున్నావమ్మాయీ?”

“వీళ్ళకు తెలీంది చెప్తన్నా సార్.”

“చెప్పకూడదు. చెబితే నువ్వు గురువు అవుతావు.”

“అడిగితే చెప్పొద్దా?”

“అడగకుండా చూసుకోవాలి. పరిశీలన రోజున ఇక్కడ ఎవరైనా ఎవరికైనా ఏదైనా చెబుతూ కనిపిస్తే నీకు టీసీ ఇచ్చి పంపాల్సి వస్తుంది.”

టీసీ అంటే ఏమిటో మస్తానమ్మకు తెలుసు. రొయ్యల గుంట, మేత బక్కెట. ఆ రోజు సాయంత్రం ఆ పిల్ల సుబ్బరత్నమ్మ దగ్గరకు పోయి ఒక్క మాట అడిగింది: “అత్తా, చెప్పకూడదు సరే. చూపించొచ్చా?”

“చూపించొద్దని రాశాడా?”

“రాయలా.”

“అయితే చూపించు పో.”

ఇరవై ఒకటో రోజు త్రివిక్రమరావుగారు విచ్చేశారు. మూడు పథకాలకు ఏకకాలంలో అధిపతి కావడం వల్ల ఆయన మూడు లోకాలలోనూ ఒక్కొక్క అడుగు పెట్టి ఉండేవారు. నిలకడగా నిలబడటానికి మాత్రం ఎక్కడా చోటు ఉండేది కాదు. ఉత్తర్వుమీద సంతకం ఆయనదే. చదివిన గుర్తు లేదు. గురుత్వరహిత బడులలో ఈ జిల్లాయే ప్రథమమని ఆయన అప్పుడే పత్రికలకు ప్రకటన ఇచ్చి వచ్చారు.

“ఏవండీ, ఎక్కడ తేలుతున్నాయి?” అని చుట్టూ చూశారు.

భుజంగరావుగారు మొదటి కాగితం విప్పబోతూ ఉండగా నెత్తిమీదనుంచి “సార్, ఇట్టా చూడండి!” అని వినబడింది. బడి మేడమీద మస్తానమ్మ నిలబడి ఉంది. చేతిలో సీసా. చిల్లులోంచి కొట్టిన ధార సూటిగా వచ్చి భుజంగరావుగారి ఫైలుమీద పడింది. పిల్ల సీసాను వదిలింది. ధార ఠక్కున ఆగింది. సీసా త్రివిక్రమరావుగారి బూట్ల ముందు ధబ్బున పడి, అప్పుడు మళ్ళీ నీళ్ళు చిమ్మింది.

ఆయన తడిసిన బూట్లవైపు చూసుకోలేదు. పైకి చూశారు.

“పడేటప్పుడు ధార ఆగిందేం?”

మస్తానమ్మ నోరు గట్టిగా మూసుకుంది. భుజంగరావుగారివైపు చూసింది.

“చెప్పవేం పాపా?”

“చెప్తే టీసీ ఇస్తారంట సార్.”

“ఎవరు?”

భుజంగరావుగారు ఫైలును చొక్కాతో ఒత్తుకుంటున్నారు.

త్రివిక్రమరావుగారు సీసా తీసుకుని, నింపి, తానే మెట్లెక్కి మేడమీదికి వెళ్ళి వదిలారు. ధార ఆగింది. దిగివచ్చి మళ్ళీ నింపుకుని ఎక్కారు. అయిదోసారికి ఆయన కండువా ఎక్కడో జారిపోయింది, ఆరోసారికి తిరుపతి కింద నిలబడి “ఇంకొంచెం పైనించి సార్! ట్యాంకు ఎక్కండి!” అని ఉత్సాహపరుస్తున్నాడు. జాయింటు సంచాలకులు మేడమీది నీళ్ళ ట్యాంకు ఎక్కారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలనుకోవడం ఇదే మొదటిసారి.

“నేను చెప్పమంటున్నాను, చెప్పు” అన్నారు ఆయాసపడుతూ.

“బాటిలూ నీళ్ళూ కలిసి పడతన్నాయి సార్. అందుకని ఒకటి ఒకదాన్ని నొక్కదు. అంతరిక్ష కేంద్రంలోనూ ఇంతే. అక్కడ గురుత్వం లేక కాదు సార్. ఇక్కడ పది పాళ్ళుంటే అక్కడ దగ్గర దగ్గర తొమ్మిది పాళ్ళు ఉంటది. అది లాగబట్టే చుట్టూ తిరుగుతుంది. లేకపోతే తిన్నగా పోయేది, మా పెంచలయ్య పోయినట్టు.”

“పెంచలయ్య ఎక్కడికి పోయాడు?”

“గుంటలకాడికి సార్. వాడొక్కడే కాదు, ఇరవై ఇద్దరు. లాగేవాళ్ళు లేరు కదా. మా టీచర్‌ను తీసుకపోయారు.”

“టీచర్‌ను ఎందుకు తీసుకుపోయారు?”

“గురుత్వం తీసేయాలని” అంది పిల్ల.

త్రివిక్రమరావుగారు భుజంగరావుగారిని పక్కనున్న నీడలోకి పిలిచారు. “తప్పని రాస్తే సంతకం నాది. ఒప్పని రాస్తే మరో నాలుగువందల పదకొండు బడులు ఇట్లా అవుతాయి. ప్రకటన కూడా ఇచ్చేశాను. ఏవండీ, తప్పు అనకుండా టీచర్‌ను వెనక్కి పంపడానికి మీ వ్యాకరణంలో ఏదైనా దారి ఉందా?”

“వ్యాకరణంలో లేదండి” అన్నారు భుజంగరావుగారు. ఆయన చూపు సీసా మీదికి పోయింది. “కాని ఆ పిల్ల చెప్పినదానిలో ఉంది.”

సవరణ ఉత్తర్వు మూడోరోజున వెలువడింది. కఠిన శాస్త్రీయ పరిశీలన అనంతరం అని అది మొదలయింది. “అంతరిక్ష కేంద్రమునందు గురుత్వము లేకపోలేదని తేలినది. అది యథాస్థితిలో నుండగా, కేంద్రమును అందలి సమస్త వస్తువులును కలిసి ఎడతెగక పడుచుండుటచేతనే బరువు తెలియుట లేదు. కావున గురుత్వరహిత పాఠశాలయందు గురువును వెంటనే యథాస్థానమున నుంచవలెను. ఇక పాఠశాలలు ఎడతెగక పడుచుండవలెనన్న రెండవ నియమము విషయమై, శాఖ గావించిన ఏర్పాట్లు ఇదివరకే సంతృప్తికరముగా నున్నవి గనుక, ప్రత్యేక ఉత్తర్వులు అవసరము లేదు.” కింద త్రివిక్రమరావుగారి సంతకం. ఈసారి చదివి పెట్టారని అంటారు. సీసాను మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. రాజధానిలోని కార్యాలయం మూడో అంతస్తు కిటికీలోంచి అప్పుడప్పుడు నీళ్ళు పడుతున్నాయని కిందివాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారట.

మంజువాణి బస్సు దిగి వచ్చేసరికి గోడమీది సున్నం పొరలుగా లేస్తోంది. కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. వంటగదిలో సాంబారు మరుగుతోంది. వరండాలో ఎనిమిదిమంది. మాట బయటికి పోయింది కాబోలు, గంట కొట్టేలోపల పదముగ్గురు, పద్ధెనిమిదిమంది. పెంచలయ్య చేతులకు మేత వాసనతోనే వచ్చి వెనక వరసలో నక్కి కూర్చున్నాడు. పొద్దెక్కేసరికి ఎవరు ఎవరిని పోయి లాక్కొచ్చారో గాని, ముప్ఫయి మంది అయ్యారు. ముప్ఫయి ఒకటోది మస్తానమ్మ. టీసీ మాట ఇంకా ఉందేమోనని, తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తోంది.

మంజువాణి హాజరుపట్టీ తెరిచింది. మొదటి గడిలో “మసతనమ” అని ఉంది. కలం తీసి దానిని కొట్టివేసి, పైన తిరిగి రాసింది. రాసి, అందరికీ వినపడేలా పిలిచింది.

“మస్తానమ్మ!”

మూడు గురువులు, ఒక లఘువు. ఒక్క అక్షరం కూడా బరువు తగ్గలేదు.

“ఉన్నా టీచర్” అంది ఆ పిల్ల. కన్నీళ్ళు జారి నేలమీద పడ్డాయి.